ఫార్మాట్ కొట్టియ్యకముందు ఒక్క మాట



మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు వాయిస్ పెట్టిండు. "రూం లాప్‌టాప్ ఆన్ అయితలేదు, నీలం తెర వచ్చి ఆగిపోతున్నది. షాపాయన 150 దిర్హాంలు అడుగుతున్నడు, ఫార్మాట్ కొడత అంటున్నడు. కొట్టియ్యాల్నా?" అని. కింద పదకొండు మంది "కొట్టియ్యి" అని రాసిండ్రు. ఇద్దరు బొటనవేలు పెట్టిండ్రు. "అందుల ఏమేం ఉన్నయ్ తమ్మీ?" అని అడిగినోళ్లు ఒక్కరు లేరు. నేను డ్యూటీ దిగి ఫోన్ చూసేసరికి ఆయన కొట్టిచ్చేసిండు కూడా.

అందుకే ఇది రాస్తున్న. వాయిస్‌ల చెప్తే మధ్యల మర్చిపోతరు, రాత అయితే దాచుకొని మళ్లీ చూసుకోవచ్చు. నా మాట ఏందంటే, మన ప్రతి రూంలో ఒక బూటబుల్ పెన్ డ్రైవ్ ఉండాలె. రైస్ కుక్కర్ ఉన్నట్టు, ఇస్త్రీ పెట్టె ఉన్నట్టు. 16 జీబీది మార్కెట్‌ల 20, 25 దిర్హాంలకు దొరుకుతది. మనిషికి నాలుగైదు దిర్హాంలు వేసుకుంటే అయిపోతది. ఇది కంప్యూటర్ చదువుకున్నోళ్ల పని, మనకెందుకు అనకండి. నేను చదివింది పదో తరగతి. డ్రాయింగ్ చూసి కాలమ్ మార్కింగ్ చేసేటోళ్లకు ఇది పెద్ద లెక్క కాదు.

ముందు ఒక ముచ్చట చెప్త, దీని విలువ నాకు ఎట్ల తెలిసిందో.

నాలుగేండ్ల కింద నేను వేరే కంపెనీల ఉన్న. పేరు వద్దు. దుబాయ్‌ల అల్ కూజ్ దిక్కు క్యాంపు. మా గ్యాంగులో జగిత్యాల దిక్కు షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన ఉండె. నాకంటె పెద్దాయన, అన్నా అనే పిలిచేటోణ్ణి. ఆయనకు ఒక అలవాటు. నెలాఖరుకు టైంషీట్ మీద నేను సంతకం పెట్టి ఆఫీసుకు పంపే ముందు దాన్ని ఫోన్‌ల ఫోటో కొట్టుకునేటోడు. మేం నవ్వేటోళ్లం. "అన్నా, నీ ఫోన్‌ల పిల్లల ఫోటోల కంటె టైంషీట్లే ఎక్కువున్నయ్" అని. ఆయన ఫోన్ చిన్నది, ఊకె నిండేది. నిండినప్పుడల్లా ఆ ఫోటోలు రూంల ఉన్న పాత లాప్‌టాప్‌ల వేసి ఫోన్ ఖాళీ చేసుకునేటోడు.

ఆయన రాజీనామా చేసిండు. లెక్క తేల్చేకాడ ఓవర్‌టైం గంటలు ఆఫీసు కాగితంల ఒక తీరు ఉన్నయ్, ఆయన చెప్పేది ఒక తీరు ఉన్నది. లేబర్ కంప్లైంట్ పెట్టుకున్నడు. రుజువు ఏమున్నది అని అడిగిండ్రు. ఉన్నది. లాప్‌టాప్‌ల ఉన్నది. ఆ వారమే లాప్‌టాప్ పడుకున్నది.

షాపుకు తీస్కపోతే "ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేస్త, లోపలిదానికి గ్యారంటీ లేదు" అన్నడు. షాపాయన చెడ్డోడు అని నేను అనను. ఆయనకు రోజుకు ఇరవై లాప్‌టాప్‌లు వస్తయ్, ఫార్మాట్ కొడితే అరగంటల అయిపోతది. లోపల ఉన్నది ఒక మనిషి రెండేండ్ల కష్టం అని ఆయనకు ఎట్ల తెలుస్తది?

పక్క రూంల నిర్మల్ దిక్కు పిలగాడు ఉండె, ఎలక్ట్రికల్ హెల్పర్. పాలిటెక్నిక్ మధ్యల ఆపేసి వచ్చిండు. వాని తాళంచెవుల గుత్తికి ఎప్పుడూ ఒక పెన్ డ్రైవ్ వేలాడేది. వాడు వచ్చి దాన్ని లాప్‌టాప్‌కు గుచ్చిండు, ఆన్ చేస్తనే ఎఫ్12 బటన్ టక టక కొట్టిండు. ఒక చిన్న లిస్టు వచ్చింది. అందుల పెన్ డ్రైవ్ పేరు మీద ఎంటర్ కొట్టిండు. మూడు నిమిషాలకు తెర వచ్చింది. విండోస్ కాదు, వేరే. వాడు ఫోల్డర్ తెరిచి హార్డ్ డిస్క్ మీద నొక్కిండు, యూజర్స్ అనేదాంట్లకు పోయిండు. ఫోటోలు ఉన్నయ్. 29 నెలల టైంషీట్లు, ఒక్కటి పోలేదు. ఇంకో పెన్ డ్రైవ్‌కు కాపీ చేసి, లాప్‌టాప్ బంద్ చేసి, "అయిపోయింది అన్నా, ఇగ ఫార్మాట్ కొట్టిచ్చుకో" అన్నడు.

ఆ ఫోటోలు నేను కూడా చూసిన. ప్రతి షీట్ కింద సంతకం నాదే. గంటలు నేను వేసినవే. నా చేతుల నుంచి పోయినంక ఆఫీసుల మారినయ్ అన్నమాట. సూపర్‌వైజర్ అంటే కంపెనీ మనిషి అని మనోళ్లు అంటుంటరు, తప్పేం లేదు. కాని నా సంతకం నాది కాదని నేనెట్ల అంట? అడిగినకాడ నాదే అని చెప్పిన. ఆ తర్వాత ఆ కంపెనీల నాకు ఎక్కువ రోజులు నడవలేదు, అది వేరే ముచ్చట. పెద్దాయనకు ఎంత వచ్చింది అనేది ఆయన ఇంటి సంగతి. ఫార్మాట్ కొట్టిచ్చి ఉంటే ఆయన చేతుల ఏం ఉండకపోయేది, అది మాత్రం నేను చెప్పగలను.

ఇప్పుడు ఆ పెన్ డ్రైవ్‌ల ఏమున్నది అనేది మన భాషల చెప్త. కంప్యూటర్ ఆన్ చేయంగనే దాన్ని నడిపించడానికి ఒక పెద్ద ప్రోగ్రామ్ కావాలె. దాన్నే ఆపరేటింగ్ సిస్టం అంటరు. విండోస్ అటువంటిది. మామూలుగా అది లోపలి హార్డ్ డిస్క్‌ల ఉంటది. అది చెడిపోతే కంప్యూటర్ లేవదు. లేవకపోయినా లోపల ఫైళ్లు చాలాసార్లు బాగనే ఉంటయ్. తాళం చెడిపోయిన ఇంట్ల సామాన్లు ఉన్నట్టు. పెన్ డ్రైవ్‌ల మనం పెట్టేది లైనక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టం. సైట్ మీదికి పోర్టా క్యాబిన్ వస్తది చూడండి, ట్రైలర్ మీద తెచ్చి దించుతం, అందుల కూసుండి పని చేసుకుంటం, పని అయిపోతే లేపుకపోతరు, నేల నేల లెక్కనే ఉంటది. ఇదీ అంతే. పెన్ డ్రైవ్ నుంచి లేచి కంప్యూటర్ ర్యామ్‌ల నడుస్తది. మీరు కావాలని ముడితే తప్ప హార్డ్ డిస్క్‌ను ముట్టదు. బంద్ చేసి పెన్ డ్రైవ్ పీకితే ర్యామ్‌ల ఉన్నదంతా పోతది.

ఫ్రీ అనంగనే మనోళ్లు దొంగ కాపీ అనుకుంటరు. కాదు. 1991ల ఫిన్లాండ్‌ల లినస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ పిల్లగాడు మొదలువెట్టిండు, తర్వాత ప్రపంచంల వేల మంది చేతులు పడ్డయ్. ఎవరైనా వాడొచ్చు, ఎవరికైనా కాపీ ఇయ్యొచ్చు, అది చట్టం ప్రకారమే. మన చేతుల ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల కూడా నడిచేది లైనక్స్ కెర్నలే. ఇట్ల డిస్క్‌ను ముట్టకుండా నడిపే పద్ధతి కూడా కొత్తది కాదు, 2000ల క్నాపిక్స్ అని సీడీ మీద నుంచే నడిచేది వచ్చింది. దొంగ కాపీ అంటే షాపుల వేసే విండోస్, యాక్టివేట్ చేయడానికి ఏదో ఫైల్ నడిపిస్తరు చూడండి, అది. ఆ ఫైల్ వెనక ఏం దూరిందో షాపాయనకు కూడా తెల్వది. ఆ కంప్యూటర్ మీదనే మనం బ్యాంకు తెరుస్తం.

ఇప్పుడు ఇది ఇంకా ఎందుకు అవసరం అంటే, మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14 తోటి విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 పాత మిషన్ల మీద ఎక్కదు, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ కావాలె, టీపీఎం 2.0 అనే చిప్ కావాలె అంటది. అందుకని కంపెనీలు పాత లాప్‌టాప్‌లను స్క్రాప్‌ల పడేస్తున్నయ్. అవి నడవక కాదు. 4 జీబీ ర్యామ్ ఉంటే లైనక్స్ మింట్ బాగనే నడుస్తది, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని రాసి ఉన్న రకం తీసుకోండి, అది తేలిక. అంతకన్నా పాతదైతే పప్పీ లైనక్స్ ఉన్నది, ఒక జీబీ కూడా ఉండదు.

స్క్రాప్ లాప్‌టాప్ గురించి ఒక హెచ్చరిక. ఆఫీసాయన "తీస్కపో" అన్నా సరే, గేట్ పాస్ రాయించుకోకుండా బయటికి తేకండి. సీరియల్ నంబర్ వేయించుకోండి. నోటి మాట మీద తెచ్చిన లాప్‌టాప్ రేపు ఆ సారు మారంగనే దొంగతనం అయితది.

చేసే పద్ధతి చెప్త. ముందు పెన్ డ్రైవ్. సూక్‌ల 10 దిర్హాంలకు 1 టీబీ అని అమ్ముతరు, అవి కొనకండి. లోపల చిన్న చిప్ పెట్టి కంప్యూటర్‌కు 1 టీబీ అని అబద్ధం చెప్పిస్తరు. దాని మీద రాస్తే సగంల చెడిపోతది, తప్పు మీదే అనుకుంటరు. మంచి షాపుల తెలిసిన బ్రాండ్ 16 జీబీది తీసుకోండి. 8 జీబీ కూడా సరిపోతది కాని ధరల తేడా టీ పైసలంత. ఇంకో సంగతి, దీని మీద ముందు ఉన్నదంతా చెరిగిపోతది. మా రూంల ఒకాయన ఇచ్చిన పెన్ డ్రైవ్ మీద అడగకుండానే రాసేసిన. అందుల వాళ్ల బిడ్డ ఓణీల ఫంక్షన్ వీడియో ఉండె. అదృష్టం బాగుండి ఊర్ల వీడియో తీసినాయన దగ్గర ఇంకో కాపీ దొరికింది. దొరికేదాక వారం రోజులు ఆయన మొఖం చూడలేకపోయిన.

తర్వాత లైనక్స్ ఫైల్. లైనక్స్‌మింట్ డాట్ కామ్ లోకి పోయి దించుకోండి, మూడు జీబీల దాకా ఉంటది, వైఫై ఉన్నకాడ కూసోండి. వాట్సాప్‌ల ఎవరో పంపిన ఫైల్, యూట్యూబ్ వీడియో కింద ఉన్న లింకు, వద్దు. అసలు సైట్ నుంచి దించుకున్నా ఒక్కసారి చెక్ చేసుకోవాలె. 2016 ఫిబ్రవరిల లైనక్స్ మింట్ సైట్‌నే ఎవరో హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకు మార్చి దొంగ ఫైల్ పెట్టిండ్రు. వాళ్లే కనిపెట్టి బయటికి చెప్పిండ్రు, దాచలేదు. అప్పటిసంది నేను సైట్‌ల ఇచ్చే షా256 నంబర్‌ను నా ఫైల్ నంబర్ తోటి పోల్చుకుంట. రూఫస్‌ల దానికి చిన్న బటన్ ఉన్నది, నొక్కితే నంబర్ చూపిస్తది. సిమెంట్ లారీ వస్తే డెలివరీ నోట్ చూసి దించుకున్నట్టే, మొదటి ఎనిమిది అక్షరాలు, చివరి ఎనిమిది అక్షరాలు చూస్తే నాకు తృప్తి. పిలగాడు మాత్రం మొత్తం చూడాలె అంటడు. వాడు చెప్పేదే సరైంది.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటు. దించుకున్న ఫైల్‌ను ఊకె కాపీ కొట్టి పెన్ డ్రైవ్‌ల పేస్ట్ చేస్తరు. అది పని చేయదు. సిమెంట్ బస్తాలు తీస్కపోయి షట్టరింగ్ మీద పేరిస్తే స్లాబ్ అయితదా? కలిపి పోయాలె. ఆ పోసే పనికి వేరే చిన్న ప్రోగ్రామ్ ఉంటది. విండోస్ కంప్యూటర్ ఉన్నోళ్లు రూఫస్ వాడండి, రూఫస్ డాట్ ఐఈ నుంచి దించుకోవాలె, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. పైన మీ పెన్ డ్రైవ్ పేరే ఉన్నదా అని రెండుసార్లు చూసుకోండి. ఫైల్ ఎంచుకోండి, స్టార్ట్ కొట్టండి, అది ఏదన్న అడిగితే అది చెప్పినట్టే ఓకే అనండి, పది నిమిషాలు, పావుగంట ఆగండి. వెంటాయ్ అని ఇంకోటి ఉన్నది. దాన్ని పెన్ డ్రైవ్ మీద ఒక్కసారి ఎక్కిస్తే, తర్వాత ఫైళ్లు ఊకె కాపీ చేసినా చాలు, ఒకే పెన్ డ్రైవ్‌ల మింట్, పప్పీ రెండూ పెట్టుకోవచ్చు. నేను ఇప్పుడు అదే వాడుతున్న.

"మా దగ్గర కంప్యూటరే లేదు, ఉన్న ఒక్కటే పడుకున్నది" అంటరా? ఫోన్ తోటి కూడా అయితది. ఇది చాలా మందికి తెల్వది. ప్లే స్టోర్‌ల ఎచ్‌డ్రాయిడ్ అనే యాప్ ఉన్నది, ఫ్రీ. ఓటీజీ కేబుల్ ఒకటి కొనుక్కోండి, 5 లేదా 10 దిర్హాంలు. ఫోన్‌ల మూడు నాలుగు జీబీలు ఖాళీ పెట్టుకొని ఫైల్ దించుకోండి, పెన్ డ్రైవ్‌ను ఓటీజీ తోటి ఫోన్‌కు గుచ్చండి, యాప్ తెరిచి ఫైల్ చూపెట్టండి. ఛార్జింగ్ నిండుగ ఉండాలె, మధ్యల ఫోన్ వస్తే ఎత్తకుండా పక్కన పెట్టండి. దీని తోటి లైనక్స్ ఫైళ్లు మాత్రమే రాయాలె, విండోస్ ఫైల్ రాస్తే లేవదు. రాసినంక ఫోన్‌కో, విండోస్ కంప్యూటర్‌కో గుచ్చితే "పెన్ డ్రైవ్ చెడిపోయింది, ఫార్మాట్ చేయాల్నా" అని అడగొచ్చు. చెడిపోలేదు. దానికి ఆ భాష అర్థం కాలేదు అంతే. వద్దు అని కొట్టండి.

లేపడం. పెన్ డ్రైవ్ గుచ్చి, ఆన్ బటన్ నొక్కి, వెంటనే బటన్ కొట్టుడు మొదలుపెట్టాలె. డెల్ అయితే ఎఫ్12. లెనోవో కూడా ఎఫ్12, కొన్నిటికి పక్కన సూది పట్టే చిన్న బొక్క ఉంటది, అందుల గుచ్చాలె. హెచ్‌పీ అయితే ఎస్కేప్ కొట్టి ఎఫ్9. అసూస్ అయితే ఎస్కేప్. ఏసర్ సతాయిస్తది, ఎఫ్12 పని చేయాలంటే ముందు ఎఫ్2 కొట్టి సెట్టింగుల ఆన్ చేయాలె. ఒక్కసారి రాకపోతే భయపడకండి, టైమింగ్ కుదరాలె. మూడోసారికి వస్తది.

తెర వచ్చినంక బల్ల మీద "ఇన్‌స్టాల్" అని ఒక గుర్తు కనిపిస్తది. దాని మీద నొక్కొద్దు. అది పోర్టా క్యాబిన్‌ను పక్కా ఇల్లు చేసే బటన్. అడిగిన ప్రతిదానికి ఎస్, ఎస్ అంటూ పోతే మీ హార్డ్ డిస్క్ మొత్తం చెరిపేసి కూసుంటది. ఫైళ్లు కాపాడుకోవడానికి పోయి ఫైళ్లు పోగొట్టుకున్నోడు అయితరు. ముందు ఫైళ్లు వేరే పెన్ డ్రైవ్‌కు తీయండి, తర్వాత ఏమైనా చేసుకోండి. వైఫై దొరకకపోతే, కొన్ని పాత లాప్‌టాప్‌లకు దొరకదు, ఫోన్‌ను కేబుల్ తోటి గుచ్చి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. తెలుగు అక్షరాలు కనిపిస్తయ్, ఈనాడు, సాక్షి చదువుకోవచ్చు. లిబ్రే ఆఫీస్ ఉంటది, ఎక్సెల్ పని దాంట్లనే అయితది. నేను టైంషీట్ లెక్కలు కంప్యూటర్ మీద చేయడం నేర్చుకున్నది ఈ పెన్ డ్రైవ్ మీదనే. ఫోర్‌మెన్ కావాలనుకునే తమ్ముళ్లు వినండి, ఇప్పుడు ఆఫీసుల ముందు అడిగేదే అది.

అన్నిటికీ ఇదే మందు అని చెప్తే నేను అబద్ధం చెప్పినట్టు. హార్డ్ డిస్క్ లోపల టిక్ టిక్ అని సప్పుడు వస్తుంటే అది మిషన్ చెడిపోయినట్టు, పెన్ డ్రైవ్ ఏం చేయలేదు, ఊకె ఆన్ చేస్తే ఇంకా చెడిపోతది. ఫైళ్లకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల నంబర్ లేకుండా తెరుచుకోదు. కంపెనీ లాప్‌టాప్‌లకు చాలా వాటికి అది ఉంటది. పని చేసే లాప్‌టాప్‌ల సెక్యూర్ బూట్ అనేదాన్ని తెల్వకుండా మార్చకండి, మార్చినంక విండోస్ ఆ నంబర్ అడిగి కూసోవచ్చు. మింట్‌కు అది మార్చే అవసరం మామూలుగా రాదు.

ఇంకో వాదన కూడా విన్న. "ఫోన్ ఉన్నది కదా అన్నా, కంప్యూటర్ ఎవరికి కావాలె?" అని. నిజమే, రోజు పనికి ఫోనే చాలు. పైసలు పంపడం, ఇంటికి వీడియో కాల్, అన్నీ అందులనే. కాని పాస్‌పోర్ట్ రెన్యువల్ ఫారం, మదద్ పోర్టల్‌ల ఫిర్యాదు, సర్టిఫికెట్లు పీడీఎఫ్ చేసి ఎక్కించడం వచ్చినప్పుడు ఏం చేస్తున్నం? టైపింగ్ సెంటర్‌కు పోయి, పాస్‌పోర్ట్ ఇచ్చి, మన ఈమెయిల్ పాస్‌వర్డ్ నోటితోటి గట్టిగ చెప్పి వస్తున్నం. మన పాస్‌పోర్ట్ కాపీ, వీసా కాపీ ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌ల ఏండ్ల తరబడి ఉంటది. నా ముందున్న మనిషి పాస్‌పోర్ట్ నేను ఆ తెర మీద చూసిన. నాది నా వెనకాయన చూసి ఉంటడు. రూంల పాత లాప్‌టాప్, మన పెన్ డ్రైవ్, మన ఫోన్ హాట్‌స్పాట్ ఉంటే ఆ పని రూంలనే అయితది, బంద్ చేయంగనే గుర్తులు ఉండయ్. తెల్వనిది ఉంటే తెలిసినోళ్లను పక్కన కూసోబెట్టుకోవచ్చు, పాస్‌వర్డ్ మాత్రం మన వేలు తోటే కొట్టుకోవచ్చు. అట్లని ఎవడో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పినోన్ని ఈ పెన్ డ్రైవ్ కాపాడలేదు.

రెండు పనులు మాత్రం చేయొద్దు. ఒకటి, ఈ పెన్ డ్రైవ్‌ను ఆఫీసు కంప్యూటర్‌కు, సైట్ ఆఫీసు కంప్యూటర్‌కు గుచ్చొద్దు. ఫైళ్లు చూసే ఉద్దేశం లేకున్నా సరే. వేరేవాళ్ల కంప్యూటర్‌లకు అనుమతి లేకుండా పోవడం ఈ దేశంల నేరం, 2021 నాటి 34వ నంబర్ చట్టం ఉన్నది దానికి. ఉద్యోగం పోవుడు చిన్న మాట. రెండోది, టెయిల్స్ అని ఒక రకం లైనక్స్ ఉన్నది, పెన్ డ్రైవ్ కోసమే చేసింది. ఇంటర్నెట్ మొత్తం టార్ అనే దారి నుంచి పంపి మనం ఎక్కడున్నమో దాచిపెడతది. జర్నలిస్టులకు, ప్రాణ భయం ఉన్నోళ్లకు మంచిది. మనకు ఇక్కడ వద్దు. నేరం చేయడానికో, చేసింది దాచడానికో ఐపీ అడ్రస్ మార్చి వాడితే ఆ చట్టంల 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాంల దాకా జరిమానా రాసి ఉన్నది. మనం నేరం చేయకపోయినా, చేయలేదని చెప్పుకునే తిప్పలు మనకెందుకు? మన పనికి మింట్ చాలు.

పిలగాడికి నాకు ఒక్క విషయంల పడదు. పెన్ డ్రైవ్‌ల కొంత జాగా వేరే పెట్టి, మనం చేసిన సెట్టింగులు, ఫైళ్లు బంద్ చేసినంక కూడా ఉండేటట్టు చేయొచ్చు. పర్సిస్టెన్స్ అంటరు, రూఫస్‌లనే ఆప్షన్ ఉన్నది. వాడు అది పెట్టుకుందాం అంటడు. నేను రూం పెన్ డ్రైవ్‌కు వద్దు అంట. ఎనిమిది మంది వాడేది. ఒకాయన ఫేస్‌బుక్ ఇంకొకాయనకు తెరుచుకుంటది. పైగ ఆ జాగాకు తాళం ఉండదు, పోయిందంటే దొరికినోడు అన్నీ చదువుకోవచ్చు. రూందానికి ఏమీ దాచుకోనిది ఉండాలె. ఎవరికన్న సొంతంగ కావాలంటే సొంత పెన్ డ్రైవ్ కొనుక్కొని పర్సిస్టెన్స్ పెట్టుకోండి, దాంట్ల పాస్‌పోర్ట్ కాపీ మాత్రం పెట్టకండి.

మన గ్రూప్ పెద్దలకు కూడా ఒక మాట, కోపం చేసుకోవద్దు. బతుకమ్మకు, జూన్ 2కు మనం ఫ్లెక్సీలు కొట్టిస్తం, శాలువాలు కప్పుతం. నేను కూడా కప్పించుకున్న, ఆ శాలువా మా ఇంట్ల సంచిల ఉన్నది, మా ఆవిడ దాన్ని ఇప్పటిదాక విప్పలేదు. ఈసారి ఒక ఫ్లెక్సీ తగ్గించి ఆ పైసలతోటి పెన్ డ్రైవ్‌లు కొని, ఆదివారం నాడు ఒక గంట కూసోబెట్టి నేర్పిద్దాం. క్యాంపుకు ఇద్దరు నేర్చుకుంటే మిగతాది వాళ్లే నడిపిస్తరు. మొదట ఏ క్యాంపుల పెట్టాలంటే, కంపెనీలు మూతపడుతున్నయ్ అని గుసగుసలు వస్తున్నకాడ పెట్టాలె. అక్కడోళ్లకు టైంషీట్లు, జీతం స్లిప్పులు దాచుకునే పని రేపే పడొచ్చు. ఆ నిర్మల్ పిలగాడు వస్త అన్నడు. వాడిప్పుడు ఎలక్ట్రీషియన్ అయిండు, హెల్పర్ కాదు.

పెన్ డ్రైవ్ చేసినంక దానికి ఎర్ర టేప్ చుట్టి రూం నంబర్ రాయండి, లేకపోతే ఎవడో ఒకడు సినిమాలు నింపుతడు. తలుపు వెనక హెల్మెట్లు తగిలించే మేకు ఉంటది కదా, దానికి వేలాడదీయండి. ఆర్నెల్లకోసారి కొత్త ఫైల్ దించి రాయండి. లీవుకు ఊరికి పోయేటోళ్లు సూట్‌కేసు సర్దేటప్పుడు అది కూడా సర్దుకొని పోకండి. మా రూంది ఇప్పుడు కోరుట్లల ఉన్నది, ఆయన పై నెల పదో తారీఖుకు వస్త అన్నడు.